హాలీవుడ్ నోయర్‌లో ఒంటరివాడు: జాలి పడవలసినవాడా, అనుమానించవలసినవాడా?

నీలిదీపం:
1930, 40 దశకాల లాస్ ఏంజెలెస్ నోయర్‌లో, అంటే చీకటి ఛాయలున్న నేరకథల్లో, ముఖ్యపాత్ర సాధారణంగా ఎక్కడి నుంచో వచ్చి అద్దె గదిలో తలదాచుకున్న మనిషి. స్టూడియో గేటు దాటలేకపోయినవాళ్లు, దాటి కూడా నిలవలేకపోయినవాళ్లు, యుద్ధం నుంచి తిరిగివచ్చాక ఏ ఊరూ తమదిగా తోచనివాళ్లు అందులో కనిపిస్తారు. పేరు మార్చుకోమని, ముఖం దిద్దుకోమని పిలిచి, పనికిరారనుకున్న మరునాడే మరిచిపోయే పరిశ్రమ ఉన్న ఊళ్లో ఒంటరివాడు దారి తప్పితే, ఆ తప్పంతా అతనికే అంటగట్టడం న్యాయం కాదు. నా దృష్టిలో ఆ కథల్లో అసలు దోషి నగరమే. హంతకుడెవరన్నది పేజీలు తిప్పించే సాకు మాత్రమే.

చివరిపుట:
నగరం గురించి మీరన్నది ఒప్పుకుంటాను గానీ, మీ తీర్పును ఒప్పుకోలేను. డొరొతీ బి. హ్యూస్ 1947లో ప్రచురించిన ‘ఇన్ ఎ లోన్లీ ప్లేస్’ నవలనే తీసుకోండి. డిక్స్ స్టీల్ యుద్ధంలో విమానం నడిపినవాడు. డిటెక్టివ్ నవల రాస్తున్నానని నమ్మించి బంధువు పంపే డబ్బుతో, ఊళ్లో లేడని తాను చెప్పే ఒక పరిచయస్థుడి ఇంట్లో కాలం గడుపుతుంటాడు. పొగమంచు కమ్మిన సముద్రతీరంలో, బస్సు దిగిన ఒక అమ్మాయి వెనక అతను నడవడంతో నవల మొదలవుతుంది. కథనం మొదటి నుంచి చివరి దాకా అతని మనసును విడిచి పోదు కాబట్టి ఆ ఒంటరితనం ఎంత లోతైనదో మనకు బాగా తెలుస్తుంది. అయినా రచయిత్రి దాన్ని అతనికి మినహాయింపుగా మార్చదు, అతను చేసే హత్యలను మన కళ్లముందు పరచి ఉత్కంఠగా అమ్ముకోదు. అతన్ని ముందుగా పసిగట్టేది అతని పోలీసు మిత్రుడు కాదు, ఆ మిత్రుడి భార్య సిల్వియా, ఆ తరువాత డిక్స్ ప్రేమించిన లారెల్. లారెల్ కూడా సినిమా అవకాశాల కోసం ఎదురుచూస్తున్న ఒంటరి మనిషే. అదే నగరం ఆమెనూ అలాగే చూసింది, కానీ ఆమె ఎవరినీ చంపలేదు. నగరమే దోషి అన్నప్పుడు ఈ తేడాను ఎలా వివరిస్తారు?

నీలిదీపం:
లారెల్ విషయం నేను ఆలోచించలేదు. అయితే ఈ నవల ఆధారంగా 1950లో నికొలస్ రే తీసిన సినిమాలో డిక్స్ స్క్రీన్‌ప్లే రచయిత, పైగా పోలీసులు అనుమానించిన హత్యలో నిర్దోషి. అనుమానమే అతని ప్రేమను నాశనం చేస్తుంది. అక్కడ జాలి పడక ఏం చేస్తాం?

చివరిపుట:
అతను నిర్దోషి అని పోలీసులు ఫోన్ చేసే సమయానికి అతని చేతులు లారెల్ మెడ మీద ఉన్నాయి! మొదట అనుకున్న ముగింపులో అతను ఆమెను చంపేస్తాడు. రే దాన్ని వదిలేసి, ఇద్దరినీ విడదీసి ముగించాడు. ఆ హత్య చేయలేదన్నంత మాత్రాన లారెల్ భయం అబద్ధమైపోదు. జాలి పడండి, కానీ ఆమె స్థానంలో నిలబడి పడండి.

రేవుగాలి:
మీరిద్దరూ జాలి, అనుమానం అనేవి పాఠకుడి చేతిలో ఉన్నట్టే మాట్లాడుతున్నారు. చెస్టర్ హైమ్స్ 1945 నాటి ‘ఇఫ్ హి హాలర్స్ లెట్ హిమ్ గో’ కూడా ఆ నగరం కథే, కాకపోతే స్టూడియోలకు దూరంగా ఓడల తయారీ కేంద్రంలో జరుగుతుంది. అక్కడ ఒక పనివాళ్ల బృందానికి నాయకుడిగా ఎదిగిన నల్లజాతి యువకుడు బాబ్ జోన్స్ మీద ఒక తెల్ల స్త్రీ చేయని అత్యాచారాన్ని మోపుతుంది. డిక్స్ స్టీల్ ఎన్నో హత్యలు చేసినా తెల్లవాడు, చదువుకున్నవాడు, మాటకారి కావడం వల్లనే పోలీసు మిత్రుడి ఇంట్లో అతిథిగా కూర్చోగలిగాడు. బాబ్ జోన్స్‌కు నిరూపించుకునే అవకాశం కూడా రాదు. సైన్యంలో చేరితే వదిలేస్తానని న్యాయమూర్తి చెబుతాడు, అతను చేరతాడు.