ఇంటి ముందు లాన్ తీసేసి పూలమళ్లు, రాతిబాట వేయడం మంచిదేనా?

(మాట్లాడేవాళ్ల పేర్ల బదులు విశాఖలో వాళ్లుండే చోట్ల పేర్లు ఇచ్చాం.)

మధురవాడ: ఇంటి ముందు 400 చదరపు అడుగుల లాన్ ఉంది. ఎర్రమట్టి, వాటం వీధివైపు. దాన్ని తీసేసి గేటు నుంచి మెట్ల దాకా 20 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పున రాతిబాట, రెండు పక్కలా పూలమళ్లు వేద్దామని ఆలోచన. కొందరు వద్దంటున్నారు. మీరేమంటారు?

సీతమ్మధార: తీసేయండి. 400 అడుగులంటే దాదాపు 37 చదరపు మీటర్లు. మే నెలలో గడ్డి పచ్చగా నిలవాలంటే రోజుకి 5 మి.మీ. తడి, అంటే 185 లీటర్లు. ట్యాంకరు కొనుక్కునే వీధుల్లో ఇది అన్యాయం. నందివర్ధనం, కాగితంపూలు పెట్టి మొక్కల మొదళ్ల చుట్టూ 3 అంగుళాల మందాన ఎండుటాకు పరిస్తే, వేరు దిగాక వారానికి రెండు తడులు చాలు. ఆకు మాత్రం కాండానికి, ఇంటి గోడకి తగలకూడదు. గోడ నుంచి అడుగు జాగా వదలండి, లేకపోతే చెదలు పడుతుంది.

ఎంవీపీ కాలనీ: నేను ఒప్పుకోనండి. నీటి లెక్క చెప్పారు, మట్టి లెక్క చెప్పలేదు. వాటం మీద ఎర్రమట్టిని పట్టి ఉంచేది గడ్డివేరు. మొక్కలు గుబురు కట్టకముందే అక్టోబరులో వాయుగుండం వచ్చిందంటే మడిమట్టంతా వీధి కాలువ పాలు. పైగా బాట అంటే చాలామంది కాంక్రీటు పోసి దానిమీద రాయి అతికిస్తారు. వాన ఇంకదు, మధ్యాహ్నం వేడంతా గోడలకి కొడుతుంది. దానికన్నా గడ్డే నయం.

సీతమ్మధార: అది కాంక్రీటు తప్పు, బాట తప్పు కాదు. 6 అంగుళాలు తవ్వి, గుంత అడుగుభాగాన్ని దిమ్మిసతో కొట్టి, జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని దిగనిచ్చి, మట్టీ కంకరా కలవకుండా ఆపేది) పరవాలి. గుడ్డ లేకపోతే రెండు వానాకాలాల్లో కంకర మట్టిలోకి దిగి రాళ్లు ఊగుతాయి. దానిమీద 20 ఎం.ఎం. కంకర మూడున్నర అంగుళాలు, రెండు పొరలుగా, ఒక్కో పొరా తడిపి కొట్టాలి. పైన ఒకటిన్నర అంగుళం క్రషర్ డస్టు (రాతిపొడి), ఆపైన ఒకటిన్నర అంగుళం రాయి. రాయి మట్టికన్నా అర అంగుళం ఎత్తున ఉండాలి, లేదంటే ప్రతి వానకీ బురద ఎక్కుతుంది. అడ్డవాటం 3 అడుగులకి ముప్పావు అంగుళం, మడివైపు. మీ కొలతకి కంకర 21 ఘనపుటడుగులు, డస్టు 9 తెప్పించండి, దిమ్మిస కింద అణిగేది కలిపే చెప్తున్నాను. సందుల్లో కూడా డస్టే, సిమెంటు వద్దు.

మధురవాడ: కడప రాయి వేయొచ్చా?

భీమిలి రోడ్డు: నున్నగా చేసింది వద్దండి, తడిస్తే జారుతుంది. గరుకు గ్రానైటు మేలు. డస్టు కూడా గ్రానైటుదే అడగండి. సున్నపురాయి పొడి గానీ సిమెంటు నీళ్లు గానీ మడిలోకి దిగితే నూరువరహాలు ఇనుము అందక పసుపెక్కుతుంది. ఈనె పచ్చగా, ఆకు పసుపుగా కనిపిస్తే కారణం అదే కావచ్చు. ఎరువు ఎంత వేసినా ప్రయోజనం ఉండదు.

అసలు తగువు తుంగతో. లాన్‌లో తుంగ ఉందా లేదా ముందు చూడండి. అట్టముక్కలు పరిస్తే మామూలు గడ్డి చస్తుంది, తుంగ మొన అట్టని పొడుచుకుని పైకొస్తుంది. రోటరీ (దున్నే యంత్రం) తిప్పితే గడ్డల గొలుసు తెగి, ఒక్కటున్నచోట పది లేస్తాయి. తడినేలలో గడ్డపారతో లేపి గడ్డలు ఏరాలి, మొలకెత్తినప్పుడల్లా మళ్లీ. మందు కొట్టేద్దామంటే, 2022 అక్టోబరులో కేంద్రం గ్లైఫోసేట్ అనే కలుపుమందు వాడకాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేసింది.

ఎంవీపీ కాలనీ: ఇంత పని ఉందని ముందే చెప్పాలి కదా! సరే, తవ్వకం మే నెలలో ముగించి, జూన్ వానకి మొక్క పెడితే అక్టోబరుకి వేరు పడుతుంది. అయినా వీధి అంచున 2 అడుగుల గడ్డిపట్టీ ఉంచాల్సిందేనంటాను. జారిన మట్టిని అదే ఆపుతుంది.

సీతమ్మధార: ఉంచండి, కానీ అది గరిక జాతయితే మడిలోకి పాకుతుంది. గడ్డిపట్టీకీ మడికీ మధ్యలో రాతిపలకలు నిలువుగా 6 అంగుళాలు పాతి, 2 అంగుళాలు పైకి వదలండి. నీరు పోవడానికి 4 అడుగులకొక సందు మరవకండి.