మనవరాలి మొదటి అడుగులు నేను చూశాను. ఆ సంగతి అమ్మాయికి చెప్పాలా?

ప్రశ్న (విశ్రాంత గూడ్సు డ్రైవరు)

అందరికీ నమస్కారం. నేను 1983 నుంచి 2019 వరకు రైల్వేలో పనిచేశాను; అందులో ఎక్కువ కాలం విజయవాడ, గూడూరు మధ్య గూడ్సు బండ్లు నడిపాను. లోకో పైలట్ అన్న పేరు తరువాత వచ్చింది గానీ, మా రోజుల్లో మమ్మల్ని డ్రైవర్లనే అనేవారు. అర్ధరాత్రి డ్యూటీకి పిలిచే కాల్‌బాయ్ తలుపు తట్టి, పుస్తకంలో సంతకం పెట్టించుకుని వెళ్లాడంటే, మళ్లీ ఇల్లు చేరేది ఎప్పుడో చెప్పలేని ఉద్యోగం అది. మా అమ్మాయి 1991లో తెనాలిలో, మా అత్తవారింట పుట్టింది. బారసాల నాటికి గానీ నేను బిడ్డ ముఖం చూడలేదు. బోర్లా పడినప్పుడు బొబ్బట్లు పంచారనీ, అడుగులు వేసినప్పుడు అరిసెలు వండారనీ తరువాత విన్నానే తప్ప, ఆ రెండు రోజుల్లోనూ నేను ఇంట్లో లేను.

ఇప్పుడు అమ్మాయి 26 వారాల ప్రసూతి సెలవు ముగించుకుని ఉద్యోగంలో చేరడంతో, మేమిద్దరం హైదరాబాదు వచ్చి పాపను చూసుకుంటున్నాం. పాపకు పదమూడో నెల నడుస్తోంది. ఉదయం నా భార్య సున్నిపిండితో నలుగు పెట్టి నీళ్లు పోసి అందిస్తే, తువ్వాలులో చుట్టి ఎత్తుకునే పని నాది. ఆ తడి తల నా మెడ కింద ఆనినప్పుడు కలిగే సుఖాన్ని ఏమని చెప్పాలో నాకు తెలియదు. 36 ఏళ్లు ఇంజను మోత విని సగం మొద్దుబారిన ఈ చెవులకు ఆ చిన్న ఊపిరి మాత్రం వినిపిస్తుంది. ఒకరోజు అది చూసి మా అమ్మాయి నవ్వుతూనే, "నన్నెప్పుడైనా ఇలా ఎత్తుకున్నావా నాన్నా?" అంది. నేనూ నవ్వేశాను గానీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

గత మంగళవారం మధ్యాహ్నం పాప సోఫా వదిలి నా మోకాలి దాకా నాలుగు అడుగులు వేసింది. అమ్మాయి ఆఫీసులో ఉంది. నా భార్య ఫోను అందుకోబోతే వద్దని ఆపాను. సాయంత్రం తల్లి వచ్చాక పాప మళ్లీ నడిస్తే, అదే మొదటిసారి అన్నట్టు మేమిద్దరం చప్పట్లు కొట్టాం. అమ్మాయి ఏడ్చినంత పని చేసింది. దాచడం మంచిదే అని ఒకసారి, కూతురి సొమ్ము కాజేసినట్టు ఉందని ఒకసారి అనిపిస్తోంది. చెప్పమంటారా?

సమాధానం 1 (విశ్రాంత ఉపాధ్యాయురాలు, కరీంనగర్)

అన్నగారూ, చెప్పకండి. అసలు కంటే వడ్డీ ముద్దని పెద్దలు ఊరికే అనలేదు. నా కొడుకు అన్నం తిననని మారాం చేస్తే, బడిలో అరవై మందిని చూసి వచ్చిన విసుగంతా వాడి మీదనే పోయేది. మనుమడు అదే పని చేస్తే గిన్నె పట్టుకుని మేడ మీదికీ కిందికీ తిరుగుతున్నాను, కోపమే రాదు. ఆ తేడా నా కొడుక్కు కనిపించకుండా ఉంటుందా? కనిపిస్తుంది. అయినా వాడు ఏమీ అనడు. మీ అమ్మాయి సంతోషాన్ని అలాగే ఉండనివ్వండి.

సమాధానం 2 (ఉద్యోగం చేస్తున్న తల్లి, బెంగళూరు)

నేను మీ అమ్మాయి స్థానంలో ఉన్నదాన్ని కాబట్టి రాస్తున్నాను. మా బాబు మొదటి అడుగులు డేకేర్‌లో వేశాడు. అక్కడి ఆయా కూడా మీలాగే దాచి, మూడు నెలల తరువాత మాటల్లో నోరు జారింది. చూడలేకపోయినందుకు ఒక పూట బాధపడి ఉండేదాన్నే గానీ, అందరికీ తెలిసి నాకొక్కదానికే తెలియకపోవడం అంతకంటే ఎక్కువ గుచ్చుకుంది. దయచేసి చెప్పండి. ఎవరో పరాయి మనిషి కాదు, తన తండ్రే చూశాడన్న మాట ఆమెకు చేదుగా ఉండదు.

సమాధానం 3 (ఒక కొడుకు, ఏలూరు)

పెద్దాయన గారికి నమస్కారం. ఇక్కడ అందరూ మంగళవారం సంగతే పట్టించుకున్నారు గానీ, మీ అమ్మాయి వేసిన ప్రశ్నను వదిలేశారు. మా నాన్నగారు బ్యాంకు ఉద్యోగి, సాయంత్రం ఆరింటికల్లా ఇంట్లో ఉండేవారు. అయినా నన్ను ఎత్తుకోలేదు. తన తండ్రి ఎదుట కన్నబిడ్డను ముద్దు చేయడం మర్యాద కాదని ఆ తరం మగవారిలో చాలామందికి ఒక పట్టింపు ఉండేది. బాబాయిలు, మేనత్తలు ఎత్తుకుని ఊరంతా తిప్పేవారు, కన్నతండ్రి మాత్రం అరుగు మీద పేపరు చాటునుంచి చూసేవాడు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 15 రోజుల పితృత్వ సెలవు 1997లో వచ్చింది, అంటే మీ అమ్మాయి పుట్టిన ఆరేళ్లకు. సెలవు ఉన్నా మా నాన్నగారు పెట్టేవారని నేను అనుకోను. ఇక వడ్డీ సంగతికొస్తే, ఆ సామెత వినిపించినప్పుడల్లా మా అమ్మ, "అసలు పెట్టింది నేను, వడ్డీ వసూలు చేసుకునేది ఆయన" అనేది. మీకు బండి అడ్డం వచ్చిందో, పట్టింపు అడ్డం వచ్చిందో ముందు మీరు తేల్చుకుని, అది ఆమెకు చెప్పండి. అడుగుల సంగతి తరువాత.

ప్రశ్న అడిగినవారు (నాలుగు రోజుల తరువాత)

అందరికీ కృతజ్ఞతలు. ఏలూరు నుంచి రాసిన బాబూ, నీ మాట కొంచెం కష్టంగానే తోచింది. నిజం చెప్పాలంటే నాకు రెండూ అడ్డం వచ్చాయి. సెలవు దొరికి తెనాలి వెళ్లిన రోజుల్లో కూడా మామగారి ఎదుట పిల్లను ఒళ్లోకి తీసుకోవడానికి సిగ్గుపడి, ఉయ్యాల పక్కన ఊరికే నిలబడేవాడిని. నిన్న రాత్రి పాప నిద్రపోయాక ఇదంతా అమ్మాయికి చెప్పి, మంగళవారం సంగతీ చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "నేను ఎన్ని అడుగులు వేశాను నాన్నా?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. నా భార్యకూ సరిగా గుర్తు లేదు. అప్పటికప్పుడు తెనాలిలో ఉన్న మా అత్తగారికి ఫోను చేశాం. ఆవిడకు 86 ఏళ్లు, ఉదయం తిన్నదేమిటో మధ్యాహ్నానికి మరిచిపోతారు. అడగగానే, "వంటింటి గడప నుంచి రోలు దాకా వచ్చింది, చేతిలో ఉగ్గుగిన్నె కూడా ఉంది" అన్నారు. ఫోను స్పీకర్లో ఉంది. అమ్మాయి మా అందరికీ వినబడేలా ఆవిడను మళ్లీ చెప్పించింది.