ఏలుదువా, ఏలవలెనా? ఒక్క 'దు' దగ్గర ఆగిపోయాను

సగం గుర్తు: రెండు రోజులుగా ఒక వాక్యం బుర్ర తినేస్తోంది. బైబిల్లో కయీనుతో (ఆదాము కొడుకు, తర్వాత తమ్ముణ్ని చంపినవాడు) దేవుడు అనే మాట. మా నాయనమ్మ రాత్రి ప్రార్థనలో చదివేది. "వాకిట పాపము పొంచియుండును" దాకా బాగా గుర్తుంది. చివర మాత్రం "నీవు దానిని ఏలవలెను" అని నా చెవిలో ఉండిపోయింది. నిన్న పుస్తకం తీస్తే ఆదికాండము 4:7లో "నీవు దానిని ఏలుదువనెను" అని ఉంది. "వలెను" ఉన్న ప్రతి ఎవరైనా చూశారా, లేక నేనే మార్చుకున్నానా?

తలకట్టు: ప్రతుల సంగతి తర్వాత చూద్దాం. ఏలుదువు భవిష్యత్తు కాదండీ. భవిష్యత్తయితే "ఏలెదవు" అనేవాళ్లు. వ్యాకరణం రాసిన చిన్నయసూరి లెక్కలో ఇది తద్ధర్మం, అంటే స్వభావం చెప్పే రూపం. ఏలడం నీ లక్షణం, నీకు చేతనవును అని అర్థం. పాపాన్ని గెలిచే స్వేచ్ఛ మనిషికి ఉందా లేదా అన్న గొడవంతా ఆ 'దు'లోనే తేలిపోయింది.

అరసున్న: మాస్టారూ, తేలలేదు. పాత వచనంలో ఇదే రూపం భవిష్యత్తుకీ వాడారు. ఒక్క అధ్యాయం వెనక్కి వెళ్లండి. 3:16లో హవ్వతో "అతడు నిన్ను ఏలును" అంటాడు. మూలంలో అదే క్రియ, తెలుగులో అదే తద్ధర్మం. పెళ్లాన్ని ఏలడం మొగుడి స్వభావమంటారా? మా ఇంట్లో ఈ సూత్రం చెల్లదు.

బండి ఱ: మీ ఇద్దరూ మూలం చూడలేదు. హీబ్రూలో ఆ మాట తిమ్షోల్. అమెరికన్ రచయిత స్టైన్‌బెక్ తన 1952 నవల 'ఈస్ట్ ఆఫ్ ఈడెన్'లో దాన్ని తిమ్షెల్ అని రాసి, "ఏలవచ్చు" అన్న అర్థం మీద కథంతా నిలబెట్టాడు. ఏలుదువు అంటే హామీ, ఏలుము అంటే ఆజ్ఞ, ఏలవచ్చు అన్నప్పుడే మనిషి చేతికి ఏదైనా వస్తుంది అని ఆయన వాదన. 1611 ఇంగ్లీషు బైబిలు మొదటి దారి పట్టింది, 1901 అమెరికన్ బైబిలు రెండో దారి. స్పెల్లింగు తప్పయినా ఆ 'తిమ్షెల్'నే మనుషులు పచ్చబొట్టుగా కూడా పొడిపించుకున్నారు.

ఒత్తు: స్టైన్‌బెక్ దాకా ఎందుకు? 1524లో డచ్ పండితుడు ఎరాస్మస్ స్వేచ్ఛాసంకల్పానికి, అంటే మంచిచెడులు ఎంచుకునే శక్తి మనిషికి ఉందనడానికి, సాక్ష్యంగా ఈ వాక్యం కూడా చూపించాడు. మరుసటి ఏడే జర్మన్ మతసంస్కర్త లూథర్ కొట్టిపారేశాడు. హీబ్రూలో ఆజ్ఞను భవిష్యత్తులో చెప్పడం మామూలే, పది ఆజ్ఞలూ అలాగే ఉన్నాయి అన్నాడు. అవన్నీ హామీలైతే లోకంలో ఎవడూ పాపం చేయలేడు, ఎందుకంటే దేవుడి మాట తప్పదు కదా! ఆజ్ఞ ఇచ్చింది నువ్వు చేయగలవని కాదు, నీ వల్ల కాదని నీకు తెలిసిరావాలని. బైబిల్లో అపొస్తలుడు పౌలు కూడా "నేను చేయగోరు మేలు చేయక చేయగోరని కీడు చేయుచున్నాను" అన్నాడుగా.

అరసున్న: మరి తెలుగువాళ్లు పది ఆజ్ఞల దగ్గర "నరహత్య చేయకూడదు" అని ఖరాఖండిగా రాశారు. అక్కడ కూడదు, ఇక్కడ దువు. అంటే ఇక్కడ ఆజ్ఞ అనుకోలేదనేగా?

సగం గుర్తు: అయితే "వలెను" ఉన్న ప్రతి లేనట్టేనా?

తలకట్టు: వస్తున్నా వస్తున్నా. వ్యాకరణం వద్దంటే వాడుక చూడండి. "నువ్వు కారు నడుపుతావా?" అని అడిగితే ఏమడిగినట్టు? వచ్చా అనే కదా! ఈ నడుపుతావు ఆ దువుకి మనవడే.

అరసున్న: మా అమ్మ రాత్రి పడుకునే ముందు "రేపు ఐదింటికి లేస్తావు, పాలు తెస్తావు" అనేది. లేవడం నా స్వభావం కాదని ఆవిడకి బాగా తెలుసు.

కొమ్ము దీర్ఘం: ఇంతమంది మాట్లాడారు, ఫ్రెంచి తత్వవేత్త సార్త్ర్‌ని ఒక్కరూ తలవలేదు. 1945 అక్టోబరులో పారిస్ ఉపన్యాసంలో "మనిషికి స్వేచ్ఛ శిక్షగా పడింది" అన్నాడు. దీన్ని తెలుగులో "శపించబడ్డాడు" అంటే నేను ఒప్పుకోను. శపించాలంటే శపించేవాడొకడు ఉండాలి. సార్త్ర్ లోకంలో వాడే లేడు.

ఒత్తు: శిక్షకి మాత్రం జడ్జి అక్కర్లేదా?

కొమ్ము దీర్ఘం: ... సరే, ఆ మాటకి వేరే తెలుగు వెతుకుతా. కానీ అదే ఉపన్యాసంలో ఒక కుర్రాడి కథ ఉంది. అన్న జర్మన్ల దాడిలో పోయాడు. తల్లికి మిగిలింది వీడొక్కడే. ఆమె దగ్గర ఉండిపోవాలా, ఇంగ్లండు వెళ్లి జర్మన్లతో పోరాడే స్వేచ్ఛా ఫ్రాన్స్ సైన్యంలో చేరాలా అని సార్త్ర్‌ని అడిగాడు. "నీకు స్వేచ్ఛ ఉంది, ఎంచుకో" అని పంపించేశాడు. పాదిరీని అడిగినా లాభం లేదట, ఎందుకంటే ఏ పాదిరీ దగ్గరికి వెళ్లాలో ఎంచుకున్నప్పుడే ఏ జవాబు వస్తుందో వాడికి సగం తెలుసు.

అరసున్న: "ఎంచుకో" విధిక్రియ కదండీ. దేవుడు లేడన్నవాడు ఆజ్ఞ ఇస్తున్నాడు, ఉన్న దేవుడేమో కయీను దగ్గర "దువు" అని వదిలేశాడు. బాగుంది.

తలకట్టు: ఎటూ స్వేచ్ఛ మాట వచ్చింది కాబట్టి పోతన్న లేకుండా ఎలా? "పలికెడిది భాగవతమట, పలికించెడివాడు రామభద్రుండట, నే పలికిన భవహరమగునట" అని అంతా అటలోకి తోసేసి, చివర "పలికెద" అన్నాడు. ఆ ఒక్క క్రియకి అట లేదు. పలికించేవాడు రాముడే అయినా పలకడానికి ఒప్పుకున్నది తను. చూడండి, పలుకుదు అనలేదు, పలికెద అన్నాడు. పూనుకున్నప్పుడు "ఎద" వస్తుంది, దు రాదు. నా మొదటి మాటకి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

అరసున్న: "నేఁ బలికిన" మాస్టారూ. అరసున్న మింగేసి పోతన్నని సాక్ష్యానికి పిలవకండి.

బండి ఱ: పోతన్నకి హీబ్రూ వచ్చా?

సగం గుర్తు: అందరికీ దండాలు. ఇందాక మా పెద్దత్తకి ఫోన్ చేశాను, నాయనమ్మ పక్కనే కూర్చుని విన్న మనిషి. "వలెను" ఎప్పుడూ అనలేదట. పుస్తకంలో ఉన్నట్టే "ఏలుదువు" అని చదివి, ఆ రోజు నేను అల్లరి చేసి ఉంటే నా వైపు తిరిగి "ఏలుదువులే" అనేదట. మరి నా చెవిలోకి వలెను ఎక్కడి నుంచి వచ్చిందో.

తలకట్టు: "లే" అనేదా, "లేరా" అనేదా? మళ్లీ ఫోన్ చేసి సరిగ్గా కనుక్కోండి. తేడా ఉంది.