గంప కింద పొడుచుకున్నవి పొత్తున మేస్తాయా, పొద్దున మేస్తాయా?

అంబాజీపేట సభ్యుడు:

సభ్యులందరికీ నమస్కారం. చిన్నప్పుడు మా అమ్మమ్మ నోట విన్న ఒక సామెత వారం రోజులుగా నన్ను వదలడం లేదు. "గంప కింద పొడుచుకున్నవి" అన్నంతవరకు స్పష్టంగా గుర్తుంది. ఆ తరువాత ఆమె "పొత్తున మేస్తాయి" అన్నదో, "పొద్దున మేస్తాయి" అన్నదో తేల్చుకోలేకపోతున్నాను. ఆమె ఇప్పుడు లేదు.

అడగడానికి కారణం చెబుతాను. మా పెరట్లో మూడు నెలల నాటు కోడిపిల్లలు ఏడు ఉన్నాయి. తల్లి ఈమధ్యనే వాటిని తరిమి వేరుచేసింది. వాటికి తోడుగా ఉంటాయని సంతలో మరో నాలుగింటిని, ఇంకాస్త చిన్నవాటిని, కొని తెచ్చాను. సామెత మీద నమ్మకంతో ఒక మధ్యాహ్నం పదకొండింటినీ ఒకే గంప కింద మూశాను. పావుగంట తరువాత గంప ఎత్తి చూస్తే, కొత్తవాటిలో కాకి రంగు పిల్లకు మెడ వెనుక ఈకలు ఊడి, చర్మం చిట్లి ఉంది. పొడిచినది మొదట ఒక్కటే అయి ఉంటుంది, కానీ నేను చూసేసరికి మిగిలినవన్నీ ఆ ఎర్రటి చోటుకే ముక్కులు చాస్తున్నాయి. దానిని విడిగా వంటింటి అరుగు మీద పెట్టి, గాయానికి పసుపు అద్దాను. ఇప్పుడు నూకలు తింటోంది.

"పొత్తున" అయితే, పొడుచుకోనివ్వండి, అవే కలుస్తాయి అని అర్థం. "పొద్దున" అయితే, రాత్రి మూసి తెల్లవారి వదలండి అని అర్థం. ఈ ఒక్క జంటాక్షరం తేలకపోతే నేను రెండోసారి గంప మూయలేను.

పాలకొల్లు సభ్యురాలు:

మా ఇంట అది నిస్సందేహంగా "పొత్తున"యే. ఎన్నికల వార్తలు ఆ మాటను పార్టీలకు కట్టబెట్టక ముందు పొత్తు అంటే కలిసి తినడం. ఒకే కంచంలో తినడాన్ని పొత్తు కుడవడం అనేవారు. నిఘంటువులలో చూసినా కూడి భుజించడం అన్న అర్థం కనిపిస్తుంది. మేత గురించిన సామెతలో అంతకంటే సరిపోయే మాట ఏముంటుంది? గంప కింద ముక్కులతో తగవు తీర్చుకున్న పిల్లలు తరువాత ఒకే తవుడు పళ్లెం దగ్గర నిలబడతాయి. మా పెరట్లో ఇది ఎన్నోసార్లు చూశాను.

రాజోలు మాస్టారు:

అమ్మా, నలభై ఏళ్లు తెలుగు పాఠం చెప్పిన అలవాటుతో ఒక్క మాట మనవి చేస్తాను. ఆ సామెతలో ఉన్నది మేత సొగసు కాదు, "పొడుచు" అన్న క్రియ సొగసు. తెలుగులో కోడి పొడుస్తుంది, ఎద్దు పొడుస్తుంది, పొద్దు కూడా పొడుస్తుంది. పొద్దుపొడుపు అన్న మాట తెలిసిన జాతి "పొడుచుకున్నవి" అన్న వెంటనే "పొద్దు"ను తలచుకోకుండా ఉంటుందా? గంప కింద ఇవి పొడుచుకుంటాయి, ఆ పైన పొద్దు పొడుస్తుంది, గంప లేస్తుంది, మేత మొదలవుతుంది. ఒకే క్రియ రెండు పనులు చేస్తున్న చోట "పొత్తు"ను తెచ్చి పెడితే అర్థం నిలుస్తుంది కాని, చమత్కారం పోతుంది.

పాలకొల్లు సభ్యురాలు:

మాస్టారూ, మీ మీద ఉన్న గౌరవంతోనే విభేదిస్తున్నాను. మన డెల్టాలో ఎవరైనా "పొద్దున" అంటారా? "పొద్దున్న" అంటాం, "పొద్దున్నే" అంటాం. నకారం వత్తకుండా ఆ మాటను మా అమ్మ అనగా వినలేదు, మా అత్తగారు అనగా వినలేదు. అంబాజీపేట తమ్ముడికి గుర్తున్నది ఒక్క నకారమే అయితే, ఆ నకారమే "పొత్తున" పక్షాన సాక్ష్యం చెబుతోంది.

రాజోలు మాస్టారు:

సామెత నడకలో వత్తు జారడం వింత కాదు. "పొద్దున్న మేస్తాయి" అని ఒకసారి పైకి అని చూడండి, నాలుక మధ్యలో ఆగుతుంది. "పొద్దున మేస్తాయి" అంటే జారిపోతుంది. సామెతను మోసుకొచ్చేది నాలుకే కనుక దాని సౌకర్యాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

భీమవరం సభ్యుడు:

కోళ్ల మాట వచ్చింది కనుక మన సాహిత్యంలో వాటి స్థానాన్ని కూడా తలచుకోవాలి. కేతన దశకుమార చరిత్రలో కోడిపోరు ఉంది, క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధిలో కోడిపందెం ఉంది, పల్నాటి కథ కోడిపోరు చుట్టూనే మలుపు తిరుగుతుంది. సామెత మూలాన్ని ఆ వైపు వెతకడం మేలని నా అభిప్రాయం. మా ప్రాంతంలో సంక్రాంతికి పుంజులను పెంచేవారు డేగ, కాకి, నెమలి, పర్ల అని రంగులు చూసి వేరుచేసి, దేని కాలికి దానికి తాడు కట్టి దూరదూరంగా ఉంచుతారు. రెండు పుంజులను ఒకే గంప కింద పెట్టే మాటే లేదు.

రాజోలు మాస్టారు:

మీరు చెప్పినవన్నీ పందెపు పుంజుల కథలు, పెరటి పిల్లల కథలు కావు. కేతనను తలచుకున్నందుకు సంతోషం. తిక్కనకు కావ్యం అంకితమిచ్చి అభినవదండి అనిపించుకున్నవాడి పేరు మన గుంపులో వినిపించి చాలా కాలమైంది. అయితే పందెంలో ఓడిన పుంజుకు మరునాడు పొత్తూ ఉండదు, పొద్దూ ఉండదు. ఈ సామెతలో ఉన్నవి మేయడానికి మిగిలిన పిల్లలు.

పాలకొల్లు సభ్యురాలు:

పొత్తు భావం కావాలంటే పందెం బరికి కాదు, పోతన దగ్గరకు వెళ్లాలి. దశమస్కంధంలో గోపబాలకులు చల్దులు కుడిచే ఘట్టాన్ని ఒకసారి గుర్తుచేసుకోండి. ఒకడు వేలు మడిచి ఊరించి ఊరగాయ తింటాడు, ఇంకొకడు పక్కవాడి కంచంలోది లాక్కుని చటుక్కున మింగి, ఏదీ లేదని నోరు తెరిచి చూపిస్తాడు. అందరూ కొట్లాడుకుంటూనే కలిసి తింటున్నారు, మధ్యలో కృష్ణుడు కూర్చుని ఉన్నాడు. పొత్తు అన్న మాట ఆ పద్యంలో వెతకమని నేను అనడం లేదు, ఆ భావాన్ని చూడమంటున్నాను. నా పెరట్లో ఒక పెట్టపిల్ల వానపామును పట్టి పరుగెత్తితే, వెనుక నాలుగు పరుగెత్తుతాయి. చివరికి అది ఎవరి గొంతులోకి పోయిందో తెలియకముందే అన్నీ మళ్లీ ఒకేచోట గీరుకుంటూ ఉంటాయి. ఆ పద్యం చదివినప్పుడల్లా నాకు ఆ పిల్లలే కనిపిస్తాయి.

రాజోలు మాస్టారు:

ఆ ఘట్టం గురించి ఎంత చెప్పినా తనివి తీరదు. ఆ బాలకులు తినడంలో మునిగి ఉండగానే లేగలు పచ్చిక వెంట దూరం పోయాయి, బ్రహ్మ వాటిని దాచాడు, తరువాత బాలకులనూ దాచాడు. ఏడాదిపాటు కృష్ణుడే లేగలుగా, బాలకులుగా మారి ఇళ్లకు వెళ్లాడు. తల్లులు మునుపటి కంటే ఎక్కువ ప్రేమించారే తప్ప వారిలో ఎవరూ మార్పు కనిపెట్టలేదు. పరాయి పిల్ల తన పిల్లగా చెల్లిపోయిన అంత పెద్ద కథ మరొకటి లేదు.

ముమ్మిడివరం సభ్యుడు:

మాస్టారు చివర అన్న మాటే అసలు విషయానికి దారి. మా నాన్నగారు పొదిగిన కోడి కిందకు పరాయి పిల్లలను పెట్టవలసి వచ్చినప్పుడు రాత్రే పెట్టేవారు. పగలు పెడితే కొన్ని పెట్టలు ముక్కుతో నెట్టేస్తాయి. చీకట్లో రెక్క కింద వెచ్చగా దూరిన ఒకటి రెండు రోజుల పిల్లను చాలా పెట్టలు తెల్లవారేసరికి తమదిగానే తిప్పుకుంటాయి. పెద్ద పిల్లలను కలపడానికీ ఇదే పద్ధతి. కోడికి చీకట్లో చూపు ఆనదు, కదలకుండా ఉంటుంది. చీకటి పడ్డాక కొత్తవాటిని పాతవాటి పక్కన గూటిలో దించితే, అన్నీ ఒకేచోట నిద్ర లేస్తాయి. అయినా పొడుచుకోవడం పూర్తిగా పోదు, తగ్గుతుంది. అందుకే నా ఓటు "పొద్దున"కు.

అంబాజీపేట తమ్ముడూ, మీరు చేసిన పనిలో మూడు ఇబ్బందులు ఉన్నాయి. పగలు మూశారు, వయసు తక్కువ పిల్లలను పెద్దవాటితో కలిపారు, పారిపోవడానికి చోటు లేని గంప కింద పెట్టారు. ఓడిన పిల్ల తల వంచి పక్కకు తప్పుకుంటేనే గెలిచినది ఊరుకుంటుంది. గంప కింద తప్పుకునే చోటేది? ముందు వల కట్టి, ఒకదానికొకటి కనిపించేలా, ముక్కు అందకుండా, వారం పది రోజులు పక్కపక్కన మేపండి. తవుడు పళ్లేలు రెండు మూడు దూరదూరంగా పెట్టండి. తోటకూర కట్టను తల ఎత్తితే అందేంత ఎత్తున వేలాడదీయండి, ముక్కులకు పని దొరుకుతుంది. అన్నింటికంటే ఎక్కువగా పొడిచే దానిని రెండు మూడు రోజులు కనిపించకుండా వేరే చోట ఉంచి మళ్లీ తెస్తే, చాలాసార్లు దాని పెత్తనం తగ్గుతుంది. గాయపడినదాన్ని మాత్రం చర్మం మానేవరకు కలపకండి.

తణుకు సభ్యుడు:

మా వైపు గుడ్ల ఫారాలలో గంప లేదు, పొత్తు లేదు. పొడుచుకోకుండా పిల్లప్పుడే ముక్కు కొన కత్తిరిస్తారు. అందుకే పెరటి పద్ధతి గురించి వినడం నాకు ఇష్టం. ఒక సంగతి చేరుస్తాను. నార్వేకు చెందిన జంతుశాస్త్రవేత్త షెల్డెరుప్-ఎబ్బె చిన్నతనం నుంచి ఇంటి కోళ్లను చూస్తూ, ఏది దేనిని పొడుస్తుందో రాసుకుని, 1921లో ప్రచురించాడు. మొదటిది అన్నింటినీ పొడుస్తుంది, రెండవది మొదటిదానిని తప్ప మిగిలినవాటిని పొడుస్తుంది, చివరిది ఎవరినీ పొడవదు. వరుస ఒకసారి కుదిరాక మెడ ఎత్తి చూస్తే చాలు, పొడవనక్కరలేదు. పెట్టలకు ఒక వరుస, పుంజులకు మరొక వరుస ఉంటాయి. దీనికి తెలుగులో "పొడుపు వరుస" అనవచ్చునా?

రాజోలు మాస్టారు:

బాగుంది, కాని "పొడుపు" వినగానే తెలుగువాడికి పొడుపుకథ గుర్తుకొస్తుంది. "ముక్కు వరుస" అంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. అయినా మీరు చెప్పిన సంగతి వల్ల నా పక్షం కొంత బలహీనపడిందని ఒప్పుకోవాలి. పొడుచుకున్నాకే వరుస కుదురుతుందంటే, వరుస కుదిరినవే కలిసి తింటాయంటే, పాలకొల్లు అమ్మాయి చెప్పిన "పొత్తున"లో వాస్తవం ఉంది. అయినా పొద్దుపొడుపును వదులుకోవడానికి మనసొప్పడం లేదు.

అంతర్వేది సభ్యురాలు:

మా వైపు "పొద్దున కూస్తాయి" అనడం విన్నాను, "మేస్తాయి" కాదు.

పాలకొల్లు సభ్యురాలు:

గంప కింద ఉన్నవన్నీ పుంజులైతేనే అది చెల్లుతుంది. పెట్టపిల్లలు కూయవు కదా. పుంజుపిల్ల గొంతు కూడా మూడు నాలుగు నెలలకు కాని పూర్తిగా విచ్చుకోదు. ఎవరో "పొద్దున" విని, దానికి తగ్గట్టు చివరి మాటను మార్చుకుని ఉంటారు.

అంతర్వేది సభ్యురాలు:

మార్చుకున్నారని అనుకున్నా, "పొద్దున" వినబడితేనే కదా "కూస్తాయి" పుడుతుంది. "పొత్తున" విన్నవారెవరూ ఆ మార్పు చేయరు.

అంబాజీపేట సభ్యుడు:

అందరికీ కృతజ్ఞతలు. ముమ్మిడివరం అన్నయ్య చెప్పినట్లు వల కట్టాను, పళ్లేలు మూడు చేశాను. పాతవాటిలో ఒక డేగ పుంజుపిల్లే ఎక్కువగా పొడుస్తోందని రెండు రోజులు గమనించి, దానిని మా బాబాయి గారి పెరట్లో ఉంచాను. నిన్న రాత్రి చీకటి పడ్డాక కొత్త మూడింటిని గూటిలోకి దించాను. తెల్లవారుతుండగా కిటికీ దగ్గర నిలబడి చూశాను. రెండు పాతవి మెడ ఈకలు రిక్కించి కొత్తవాటికి ఎదురు నిలిచాయి. కొత్తవి వెనక్కి నడిచి మూడవ పళ్లెం దగ్గరకు వెళ్లాయి. నెత్తురు లేదు. కాకి పిల్ల మెడ మీద కొత్త ఈకల మొలకలు నల్లగా కనిపిస్తున్నాయి, దానిని ఇంకా కలపలేదు.

అమ్మమ్మ చెల్లెలు కాకినాడలో ఉన్నారు, ఈ ఉదయం ఫోన్ చేసి సామెత అడిగాను. ఆమె ఎంతసేపు తలచుకున్నా ఆ మాట రాలేదు. "పొడుచుకున్నవే కలిసి మేస్తాయిరా, అంతే" అన్నారు. అయితే గంప ఎప్పుడు ఎత్తేవారని అడిగితే తడుముకోకుండా, "చీకటితోనే ఎత్తాలి, వెలుగు వచ్చేదాకా ఉంచితే చిన్నవాటిని తినేస్తాయి" అన్నారు. మొదటి మాట పాలకొల్లు అక్కయ్య గారి పక్షం, రెండవది మాస్టారి పక్షం. ఆదివారం ఆమె ఇంటికి వెళ్తున్నాను. మా అమ్మ చిన్ననాటి పాత గంప ఇప్పటికీ వాళ్ల ఇంట్లోనే ఉందట. దానిని చూస్తే ఆమెకు ఆ మాట నోట పలుకుతుందేమోనని ఆశ.