పాత ట్రక్ క్యాంపర్ స్థానంలో మరో సెకండ్‌హ్యాండ్ క్యాంపర్: కొనేముందు ఏమేం చూడాలి?

ప్రశ్న (వైట్‌ఫీల్డ్, బెంగళూరు):

నమస్కారమండి. శ్రీసిటీలో తయారైన పాత ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ పికప్ ట్రక్కు ఒకటి మాకు ఉంది. దాని తొట్టిలో ప్లైవుడ్ చట్రం మీద అల్యూమినియం రేకు తొడిగిన క్యాంపర్ పెట్టెను (ప్రయాణాల్లో లోపలే పడుకుని, వండుకునే చిన్న గదిని) బిగించుకుని లేపాక్షి, గండికోట, హార్స్‌లీ కొండల వంటి చోట్లకు చాలాకాలంగా కుటుంబమంతా తిరుగుతున్నాం. ఇప్పుడు పైకప్పు అంచుల నుంచి చెమ్మ దిగి, వెనకవైపు రెండు మూలల్లోనూ ప్లైవుడ్ బొటనవేలితో నొక్కితే లోపలికి పోతోంది. బాగుచేయించాలంటే పెట్టె మొత్తం విప్పాలంటున్నారు కనుక మరొకటి కొనడమే మేలని నిశ్చయించుకున్నాం.

రెండు బేరాలు వచ్చాయి. ఒకటి ఇక్కడ బెంగళూరులోనే ఉంది. ఫైబర్ పలకలతో కట్టిన తేలికపాటి పెట్టె, పడక, చిన్న పొయ్యి గట్టు తప్ప పెద్దగా సదుపాయాలు లేవు. రెండోది చెన్నైలో ఉంది; ట్రక్కుతో సహా అమ్ముతున్నారు, అందులో ఏసీ, ఫ్రిజ్, స్నానానికి షవర్, రెండు బ్యాటరీలు అన్నీ ఉన్నాయి. మా అమ్మగారికి మోకాళ్ల నొప్పులు ఉన్నందున డ్రైవర్ క్యాబిన్ పైన ఉండే పడక ఆవిడకు పనికిరాదు, కిందనే పడుకునే వీలుండాలి. దేన్ని ఎంచుకోవాలి, ఏ పరీక్షలు చేయించాలి, బెంగళూరు పెట్టెను మాత్రమే కొని మా ట్రక్కుకు అమర్చుకోవచ్చా అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మొదటి సమాధానం (హోసూరు రోడ్డు, బెంగళూరు):

సదుపాయాల జాబితాను కాసేపు పక్కన పెట్టి ముందుగా తూకం చూడండి. ట్రక్కు మోయగల బరువు అంటే తయారీదారు అనుమతించిన మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేయగా మిగిలేదే. అందులోనే పెట్టె, మనుషులు, సామాను, నీళ్లు అన్నీ ఇమడాలి. 80 లీటర్ల ట్యాంకు నింపితే నీళ్లే 80 కిలోలు; 12 వోల్టుల 100 ఆంపియర్ అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఒక్కొక్కటి 25 నుంచి 30 కిలోలు తూగుతుంది. ఏసీ, ఫ్రిజ్, ఇన్వర్టర్ కలిపితే చెన్నై బండిలో మీ కుటుంబం ఎక్కకముందే హద్దు దాటిపోయే ప్రమాదం ఉంది. ఆ బ్యాటరీలనే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకానికి మార్చుకుంటే బరువు దాదాపు సగం తగ్గుతుంది, కాకపోతే దాని ఖర్చును బేరంలోనే లెక్కించాలి.

అమ్మేవారిని ఒప్పించి ట్యాంకు నింపిన బండిని వేబ్రిడ్జికి (వాహనాలను తూచే కాటాకు) తీసుకెళ్లండి. మొదట ముందు చక్రాలను మాత్రమే కాటా మీదికి ఎక్కించి తూయించండి, తరువాత బండి మొత్తాన్ని తూయించండి. రెండింటి తేడాయే వెనక ఇరుసు మీద పడే భారం. పెట్టె బరువు వెనక ఇరుసుకు ముందుండాలి గాని దాని వెనక్కు వేలాడకూడదు. వేలాడితే ముందు చక్రాలు తేలికపడి, ఘాట్ రోడ్డు మలుపుల్లో స్టీరింగ్ పట్టు తప్పుతుంది. వెనక కమాను పట్టీలు అదనంగా వేయించి ఉంటే అమ్మేవారు దాన్ని గొప్పగా చెబుతారు, కాని నా దృష్టిలో అది ఈ బండి అధిక బరువుతో తిరిగిందనడానికి గుర్తు. అదనపు పట్టీలతో బండి కుంగడం తగ్గవచ్చునేమో గాని ఇరుసు, బ్రేకులు, టైర్ల సామర్థ్యం రవ్వంతైనా పెరగదు.

టైర్ల పక్క గోడ మీద నాలుగంకెలు కూడా చూడండి: 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. గాట్లు ఎంత లోతుగా కనిపించినా, ఏళ్ల తరబడి ఎండలో నిలబడిన టైరును నమ్మవద్దు.

రెండో సమాధానం (వేళచ్చేరి, చెన్నై):

చెన్నై బండి గురించి నేను చెప్పగలిగింది ఇది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటకముందు ఇక్కడ కురిసిన వానలకు మా ప్రాంతంలో ఎన్నో వాహనాలు నీళ్లలో నిలిచిపోయాయి. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగి చూడండి. ఎంత కడిగించినా బురద చార ఆ చివర్లో మిగిలిపోతుంది. కార్పెట్ కింది వైరింగ్ కనెక్టర్ల మీద పచ్చటి చిలుము ఉన్నదేమో గమనించి, బీమా క్లెయిముల చరిత్ర కూడా అడగండి. వరద రాకపోయినా సముద్రపు గాలి వల్ల ఛాసీకి (బండి అడుగు చట్రానికి), పెట్టెను కట్టే కొక్కేలకు తుప్పు పడుతుంది కనుక బండిని ర్యాంపు మీదికి ఎక్కించి కిందినుంచి చూడాల్సిందే.

చెమ్మ పరీక్ష రెండు బండ్లకూ అవసరమే. కిటికీల చుట్టూ, పైకప్పు అతుకుల మీద గొట్టంతో చాలాసేపు నీళ్లు పట్టించి, లోపల పరుపులు తీసేసి మూలలను చేత్తో తడమండి. పాత సీలెంట్ తీయకుండా దానిమీదే తెల్లగా కొత్తది పూసి ఉంటే అక్కడ కారుతోందనే అనుమానించాలి.

మూడో సమాధానం (కె.ఆర్.పురం, బెంగళూరు):

పెట్టె మార్పిడి గురించి అడిగారు. తొట్టిలో దించి, కట్టి, ప్రయాణం కాగానే తీసేసే పెట్టె వేరు. తొట్టిని తొలగించి ఛాసీ మీదే బిగించిన గది వేరు. ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మారేలా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే స్పష్టం చేసింది. కాబట్టి రెండో రకాన్ని ఆర్‌సీలో నమోదు లేకుండా కొనవద్దు. మొదటి రకానికైనా మీ ఆర్టీఓ కార్యాలయంలో ముందుగా రాతపూర్వకంగా అడిగి ఉంచుకోవడం మంచిది. సొంత వాడకానికి ఉద్దేశించిన క్యాంపర్ వ్యాన్లు రవాణాయేతర వాహనాల జాబితాలోనే ఉన్నాయి గనుక సక్రమంగా నమోదైన బండి దొరకడం అసాధ్యమేమీ కాదు.

చెన్నై బండి అయితే అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 కింద ఎన్‌ఓసీ, ఇక్కడ యాజమాన్య బదిలీ, కొత్త నంబరు, కర్ణాటక జీవితకాల పన్ను అన్నీ మీ నెత్తిన పడతాయి. బ్యాంకు రుణం ఉంటే, అది తీరిపోయిందని తెలిపే ఫారం 35 లేకుండా బయానా ఇవ్వకండి. బీమాను మీ పేరుకు మార్చమని 14 రోజుల్లోగా దరఖాస్తు చేసుకోవాలి.

గ్యాస్ గురించి ఒక మాట. ఎల్‌పీజీ గాలికంటే బరువైనది కనుక లీకైతే నేలమీదే పేరుకుంటుంది. పెట్టె అడుగున గాలి పోయే రంధ్రం లేకపోతే లోపల పొయ్యి వెలిగించవద్దు. బండి నడుస్తున్నప్పుడు అమ్మగారినీ పిల్లలనూ వెనక పెట్టెలో కూర్చోబెట్టకండి.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలండి. చెన్నై బండిని వేబ్రిడ్జికి తెస్తారా అని ఫోన్‌లో అడిగితే అమ్మేవారు ససేమిరా అన్నారు, కాబట్టి దాన్ని వదులుకున్నాను. బెంగళూరు పెట్టె తొట్టిలోంచి దించగలిగేదే. షవర్ లేకపోయినా కింద పడక మోకాలి ఎత్తులోనే ఉంది గనుక అమ్మగారికి అదే సుఖం. ఆదివారం నీళ్లు పట్టించి చూడటానికి యజమాని ఒప్పుకున్నారు. మూలలు పొడిగా ఉండి, మా ట్రక్కు మీద పెట్టి తూయించినప్పుడు లెక్క హద్దుల్లో ఉంటే ఆర్టీఓ జవాబు చేతికి అందాకే బయానా ఇస్తాను.