ఎలివేటర్ ట్రిమ్ ఒక వైపే మొరాయిస్తోంది: సర్వో మార్చక ముందు ఏం చూడాలి?

ప్రశ్న

నేను సొంతంగా కట్టుకున్న రెండు సీట్ల తేలికపాటి విమానంలో ఎలివేటర్ ట్రిమ్ (తోకలోని ఎలివేటర్ వెనుక అంచున ఉండే చిన్న ట్యాబ్‌ను కదిపి, స్టిక్ మీద పడే బలాన్ని తగ్గించే అమరిక) కొంతకాలంగా ఇబ్బంది పెడుతోంది. నోస్ డౌన్ (విమానం ముక్కు కిందికి) వైపు స్విచ్ ఎప్పుడు నొక్కినా ట్యాబ్ కదులుతుంది. నోస్ అప్ వైపు మాత్రం నేల మీద చక్కగా పనిచేసి, గాలిలోకి వెళ్లాక ఒక్కోసారి అసలు స్పందించదు. రెండు మూడుసార్లు నొక్కి వదిలితే మళ్లీ కదులుతుంది. ల్యాండింగ్ కోసం వేగం తగ్గించుకునే సమయంలోనే ఎక్కువగా ఇలా జరుగుతోంది కాబట్టి, ఆ కాసేపూ స్టిక్‌ను చేతి బలంతో వెనక్కి లాగి పట్టుకోవలసి వస్తోంది.

విద్యుత్ వ్యవస్థ 12 వోల్టులది. ట్యాబ్‌ను కదిపే చిన్న మోటారు, అంటే సర్వో, ఎలివేటర్ లోపల ఉంది. రెండు స్టిక్కుల మీదా స్విచ్‌లు ఉన్నాయి. అవి ప్యానెల్ వెనుక ఉన్న రెండు రిలేలను (చిన్న కరెంటుతో పనిచేసే విద్యుత్ స్విచ్‌లను) నడుపుతాయి. ఏ స్టిక్ మీది స్విచ్ నొక్కినా లోపం ఒకేలా కనిపిస్తోంది. కరెంటు మితిమీరితే సరఫరా ఆపేసే బ్రేకర్ ఎప్పుడూ పడలేదు. ట్యాబ్ స్థానం చూపే ఇండికేటర్ కూడా సరిగ్గానే ఉంది. సర్వో మార్చేయమని ఒక మిత్రుడు సలహా ఇచ్చారు. దాన్ని విప్పే ముందు వేరే చోట్ల ఏమేం పరీక్షించాలో తెలిసినవారు చెప్పగలరు.

మొదటి జవాబు

సర్వో జోలికి ఇప్పుడే వెళ్లకండి. మీరు రాసిన వివరాల్లోనే చాలా భాగం జవాబు ఉంది. రెండు స్టిక్కుల నుంచీ ఒకే లోపం కనిపిస్తోందంటే రెండు స్విచ్‌లూ ఒకేసారి ఒకే విధంగా పాడై ఉండే అవకాశం చాలా తక్కువ. కాబట్టి లోపం ఆ రెండు స్విచ్‌ల వైర్లు కలిసే చోటు దాటాక, అంటే అక్కడి నుంచి సర్వో వరకు ఉన్న భాగంలోనే ఉండాలి. ఇండికేటర్ సరిగ్గా ఉందన్న విషయం మాత్రం మనకు పెద్దగా ఉపయోగపడదు. ఈ రకం సర్వోల్లో సాధారణంగా అయిదు వైర్లు ఉంటాయి. రెండు మోటారువి, మిగిలిన మూడు స్థానం చూపే సెన్సరువి. ఆ మూడింటికీ మోటారు సర్క్యూట్‌తో సంబంధం లేదు.

ఇక రిలేల సంగతి. చాలామంది నోస్ అప్ పనిచేయకపోతే నోస్ అప్ రిలేనే అనుమానిస్తారు, కానీ కరెంటు వెళ్లే దారిని చివరిదాకా గీసి చూస్తే అసలు విషయం తెలుస్తుంది. స్విచ్ నొక్కనప్పుడు మోటారు రెండు వైర్లూ తమ తమ రిలేల గుండా గ్రౌండ్‌కు కలిసి ఉంటాయి. నోస్ అప్ నొక్కినప్పుడు ఆ రిలే ఒక వైరును గ్రౌండ్ నుంచి తప్పించి బ్యాటరీ ప్లస్‌కు కలుపుతుంది. మోటారులోంచి వెళ్లిన కరెంటు మాత్రం రెండో వైరు మీదుగా, కదలకుండా ఉన్న నోస్ డౌన్ రిలే కాంటాక్ట్ గుండానే గ్రౌండ్‌కు చేరాలి. అంటే నోస్ డౌన్ రిలేలో విశ్రాంతి స్థితిలో కలిసి ఉండే కాంటాక్ట్ సరిగా కలవకపోతే, ఆగిపోయేది నోస్ అప్ దిశ.

దీన్ని మల్టీమీటరుతో తేల్చవచ్చు. సర్వోను కలిపే ఉంచి, మీటరు నల్ల ప్రోబ్‌ను నమ్మకమైన గ్రౌండ్ పాయింటు మీద పెట్టండి. సహాయకుడు నోస్ అప్ నొక్కి పట్టుకుంటే, లోపం బయటపడిన క్షణంలో మోటారుకు వెళ్లే రెండు వైర్లనూ రిలే దగ్గరే ఒక్కొక్కటిగా కొలవండి. మొదటి వైరు (నోస్ అప్ రిలే నుంచి వచ్చేది) మీద వోల్టేజీ లేకపోతే నోస్ అప్ రిలే, దాని కాయిల్ వైరు, లేదా దానికి వచ్చే ప్లస్ సరఫరా దోషి. మొదటి దాని మీద 12 వోల్టులు, రెండో దాని మీద దాదాపు సున్నా ఉండి మోటారు కదలకపోతే లోపం రిలేలు దాటిన తర్వాత, అంటే తోక వైపు వైర్లలోనో సర్వోలోనో ఉంది. సర్వోలో అయితే ఆ దిశకు చెందిన లిమిట్ స్విచ్‌ను (ప్రయాణం చివర మోటారును ఆపేదాన్ని) అనుమానించాలి. రెండు వైర్ల మీదా 12 వోల్టులే కనిపిస్తే మాత్రం కరెంటు మోటారు దాటి వచ్చి, గ్రౌండ్‌కు చేరే దారి లేక నిలిచిపోయిందని అర్థం. అప్పుడు నోస్ డౌన్ రిలేను చూడండి.

సర్వోను ఊడదీసి ఖాళీ వైర్ల మీద కొలిస్తే ఈ లోపం కనబడదు. మీటరు తీసుకునే కరెంటు అతి స్వల్పం కాబట్టి, పాడైపోయిన కాంటాక్ట్ గుండా కూడా అది మంచి రీడింగే చూపిస్తుంది. సర్వోను తీయక తప్పకపోతే దాని స్థానంలో 12 వోల్టుల చిన్న బల్బు ఒకటి కలిపి పరీక్షించండి.

రెండో జవాబు

పై జవాబులోని తర్కంతో ఏకీభవిస్తాను, అయితే తోక వైపు వైర్లను పూర్తిగా వదిలేయవద్దని నా మనవి. మోటారు వైర్లు రెండూ రెండు దిశల్లోనూ కరెంటు మోస్తాయి కాబట్టి, వాటిలో ఒకటి తెగితే రెండు వైపులా ఆగాలి. ఇది నిజమే. కానీ నోస్ అప్ ట్రిమ్ అవసరమయ్యేది పైలట్ స్టిక్‌ను వెనక్కి లాగి పట్టుకున్నప్పుడు. నోస్ డౌన్ నొక్కేది ముందుకు నెట్టి పట్టుకున్నప్పుడు. ఎలివేటర్ కీలు దగ్గర వంగే చోట ఇన్సులేషన్ లోపల తీగ పోగులు తెగి ఉంటే, ఎలివేటర్ పైకి లేచినప్పుడు మాత్రమే అవి విడిపోయి, లోపం ఒక దిశదే అన్న భ్రమ కలిగిస్తాయి. నేల మీద స్టిక్‌ను మధ్యలో వదిలేసి పరీక్షిస్తే ఇది ఎప్పటికీ బయటపడదు. కాబట్టి స్టిక్‌ను పూర్తిగా వెనక్కి, తర్వాత పూర్తిగా ముందుకు పెట్టి, ప్రతి స్థానంలోనూ రెండు దిశలూ నొక్కి చూడండి. ఆ సమయంలో మరొకరు కీలు దగ్గరి వైర్లను వేళ్లతో మెల్లగా కదిలిస్తే ఇంకా మంచిది.

గాలి ఒత్తిడి విషయం కూడా ఒక మాట. నోస్ అప్ ట్రిమ్ కోసం ట్యాబ్ వెనుక అంచు కిందికి దిగాలి, గాలి దాన్ని తిరిగి పైకి నెడుతుంది, ఆ భారం వేగంతో పాటు పెరుగుతుంది. మోటారు వేగాన్ని తగ్గించే స్పీడ్ కంట్రోలర్ ఏదైనా అమర్చి బాగా తగ్గించి ఉంటే మోటారు ఆ భారానికి ఆగిపోవచ్చు. అయితే మీకు వేగం తగ్గుతున్నప్పుడే ఇబ్బంది వస్తోంది కాబట్టి నేను దీన్ని చివరి అనుమానంగానే ఉంచుతాను. ఎలాగూ చూస్తున్నారు కాబట్టి సర్వోను ట్యాబ్‌తో కలిపే పుష్‌రాడ్ విప్పి, ట్యాబ్ చేతితో తేలికగా, ఎక్కడా పట్టేయకుండా కదులుతోందో లేదో గమనించండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మొదట ఎలివేటర్‌ను అన్ని స్థానాల్లోనూ పెట్టి, వైర్లను కదిలిస్తూ చూశాను, లోపం రాలేదు. ట్యాబ్ కూడా స్వేచ్ఛగా కదులుతోంది, స్పీడ్ కంట్రోలర్ లేదు. తర్వాత మీటరు పెట్టి, సహాయకుడు నోస్ అప్ నొక్కి పట్టుకోగా, స్క్రూడ్రైవర్ పిడితో నోస్ డౌన్ రిలే పెట్టెను మెల్లగా తట్టాను. మోటారు చప్పుడు ఠక్కున ఆగిపోయింది. అప్పటిదాకా సున్నా దగ్గర ఉన్న రెండో వైరు రీడింగు 12.3 వోల్టులకు ఎగబాకి మొదటి వైరుతో సమానమైంది. మళ్లీ తడితే సున్నాకు వచ్చి మోటారు కదిలింది. నోస్ అప్ రిలేను ఎంత తట్టినా ఏమీ కాలేదు. ఇంజిన్ కంపనం వల్లనే ఇది గాలిలో బయటపడుతోందని ఇప్పుడు అర్థమైంది. ఒక్క రిలే మారిస్తే చాలా, రెండూ మార్చాలా?

మొదటి జవాబు ఇచ్చినవారు

రెండూ మార్చండి, ఒకే వయసువి, ఒకే కంపనానికి లోనైనవి. కొత్తవి ఎంచుకునేటప్పుడు పెద్ద ఆంపియర్ రేటింగు ఉన్నదే మంచిదని అనుకోకండి. ట్రిమ్ మోటారు తీసుకునేది ఆంపియరులో కొంత భాగమే. 30 ఆంపియర్ల కోసం చేసిన వెండి కాంటాక్ట్‌లకు, వాటి మీద పేరుకునే పొరను తొలగించుకోవడానికి అంత చిన్న కరెంటు చాలకపోవచ్చు. మూసివున్న, చిన్న కరెంట్లకు తగిన రిలేలు తీసుకుని, కంపనం తక్కువగా ఉన్న చోట బిగించండి.

బిగించాక, ఎగరక ముందు, నోస్ అప్ నొక్కితే ట్యాబ్ వెనుక అంచు కిందికే దిగుతోందని కళ్లతో చూడండి. రిలే దగ్గర రెండు వైర్లు తారుమారైతే మోటారు చక్కగానే తిరుగుతుంది, కానీ వ్యతిరేక దిశలో. ఇండికేటర్ సెన్సరు ట్యాబ్ అసలు స్థానాన్నే చూపిస్తుంది కాబట్టి, అది కూడా స్విచ్‌కు ఎదురు దిక్కున కదులుతుంది, దాన్నీ గమనించండి. ఒక స్టిక్‌పై అప్, రెండో స్టిక్‌పై డౌన్ ఒకేసారి నొక్కి చూడండి. మీ అమరికలో రెండు వైర్లూ ప్లస్‌కే చేరి మోటారు ఆగాలి, బ్రేకర్ పడకూడదు. పుష్‌రాడ్ పిన్నుకు కొత్త కాటర్ పిన్ వేసి, ట్యాబ్‌లో ఊగులాట లేదని నిర్ధారించుకోండి. వదులైన ట్యాబ్ ఫ్లట్టర్‌కు, అంటే గాలిలో అదుపు తప్పే ప్రమాదకరమైన కంపనానికి, దారి తీస్తుంది.

మూడో జవాబు

ఒక్క విషయం చేర్చాలి. ఈసారి రిలే కాంటాక్ట్ కలవక ట్రిమ్ ఆగింది. అదే రిలే కాంటాక్ట్‌లు అతుక్కుపోతే ట్రిమ్ తనంతట తాను చివరిదాకా పరుగెడుతుంది. ట్రిమ్ బ్రేకర్ పైలట్ సీటు నుంచి, భుజం పట్టీలు బిగించుకున్నాక కూడా చేతికి అందే చోట ఉందా? లేకపోతే, ప్యానెల్ వెనుక ఎలాగూ పని చేస్తున్నారు కాబట్టి దాన్ని ఇప్పుడే అలా అందే చోటికి మార్చండి. పైకి లాగి తెరవగలిగే బ్రేకర్ అయితేనే ఉపయోగం. ప్యానెల్ వెనుక దాగిన ఫ్యూజును ఆ సమయంలో ఎవరూ తీయలేరు. రిలేలు మార్చాక మొదటి ఎగురుడులో తగినంత ఎత్తులో, మితమైన వేగంతో ఉండి, ట్రిమ్‌ను ప్రతి వైపూ కొద్దికొద్దిగా పెంచుతూ స్టిక్ మీద ఎంత బలం పడుతోందో గమనించండి. ఒక చేత్తో ఆపగలిగినంతకు మించి భారం పెరిగే దిశ ఏదైనా కనిపిస్తే అక్కడితో ఆపి, నేలకు దిగాక ట్యాబ్ ప్రయాణాన్ని ఆ వైపు తగ్గించండి.