ఆర్డర్ నంబర్ లేని ల్యాబ్ రిపోర్టును పేషెంట్ ఐడీ చూసి కలిపేయవచ్చా?

గాజువాక_ఐటీ:
విశాఖలో ఒక హాస్పిటల్ సాఫ్ట్‌వేర్‌కూ ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌కూ మధ్య మెసేజ్‌లు చూసే పని నాది. ఆర్డర్ నంబర్ ఖాళీగా వచ్చిన రిపోర్టు, అదే పేషెంట్‌కు పెండింగ్‌లో ఉన్న పాత ఆర్డర్‌లో పడేలా మా దగ్గర సెట్ చేశారు. అది తీసేయాలి.

పోయిన నెల ఒకాయనకు పొద్దున పొటాషియం 6.2 వచ్చింది, ప్రమాదకరంగా ఎక్కువ. ల్యాబ్ వాళ్లు వెంటనే ఫోన్ చేశారు, వార్డులో మందు మొదలైంది. రిపోర్టు మాత్రం మరోసారి సరిచూడాలని ఆపారు. సాయంత్రం శాంపిల్‌లో 4.7, అంటే మామూలు స్థాయికి దిగింది. బార్‌కోడ్ స్కాన్ కాక ఐడీ చేత్తో కొట్టారు, ఆర్డర్ నంబర్ రాలేదు. ఆ 4.7 పొద్దుటి ఆర్డర్‌లో పడింది. రాత్రి 8కి అసలు పొద్దుటి రిపోర్టు వదిలితే, సాఫ్ట్‌వేర్ దాన్ని సవరణ అనుకుని 4.7ను తీసేసి 6.2 చూపించింది. డాక్టర్ మళ్లీ మందు రాయబోతుంటే సిస్టర్‌కు అనుమానం వచ్చి ల్యాబ్‌కు ఫోన్ చేశారు. ఆవిడ చేయకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ భయమే.

లాగ్‌లో అన్నిటికీ ‘ఏఏ’ జవాబే ఉంది. హాస్పిటల్ సాఫ్ట్‌వేర్‌లు మెసేజ్‌లు పంపుకునే పద్ధతి హెచ్‌ఎల్7. అందులో ఆ జవాబు మెసేజ్ నంబర్‌ను తిప్పి చెప్పి, అందింది, తీసుకున్నాం అంటుంది. ఏ ఆర్డర్‌లో పడిందో చెప్పదు. అది తెలియాలంటే ఆ ఆర్డర్‌కు పంపినవాళ్లు ఇచ్చిన నంబర్, ల్యాబ్ ఇచ్చిన నంబర్ రెండూ రిపోర్టులో తిరిగి రావాలి.

క్యాజువాలిటీ_నైట్:
మీ బాధ అర్థమైంది సార్. కానీ యాక్సిడెంట్ కేసు వస్తే ముందు రక్తం తీస్తాం, ఆర్డర్ తర్వాత ఎక్కిస్తాం. నంబర్ లేదని రిపోర్టు ఆపితే తెల్లారేదాకా ఎవరికీ కనబడదు. అదీ ప్రమాదమే కదా? అందరికీ 14 అంకెల ఆభా నంబర్ (ప్రభుత్వ ఆరోగ్య ఖాతా నంబర్) ఉంటే ఈ తికమకే రాదు.

గాజువాక_ఐటీ:
ఆభా మనిషి ఎవరో చెబుతుందండీ, ఏ శాంపిలో చెప్పదు. మా కేసులో పేషెంట్ మారిపోలేదు, శాంపిల్ మారింది. హెచ్‌ఎల్7 వాళ్లదే కొత్త పద్ధతి ఎఫ్‌హెచ్‌ఐఆర్‌లో కూడా రిపోర్టు ఏ ఆర్డర్‌ మీద వచ్చిందో రాయడానికి వేరే చోటుంది, అది ఖాళీగా వదిలితే కథ మళ్లీ మొదటికే. రిపోర్టు ఆపమని నేను అనడం లేదు. శాంపిల్ తీసిన టైమ్‌తో పేషెంట్ పేజీలో విడిగా కనిపించాలి, ఆర్డర్‌ను మాత్రం మూయకూడదు. జత కలపడం మనిషి చూసి చేయాలి.

క్యాజువాలిటీ_నైట్:
విడిగా చూపిస్తే సరే, ఒప్పుకుంటాను. మరి రాత్రి 2కి జత కలిపేదెవరు?

గాజువాక_ఐటీ:
నైట్ డ్యూటీ టెక్నీషియనే. మా ల్యాబ్‌లో రాత్రి ఒక్కరే ఉంటారు, ఆ ఒక్కరి మీద ఇదీ వేయలేం. రెండో మనిషి కావాలని సోమవారం మీటింగ్‌లో అడుగుతున్నాను.